నలుగురిలో గొంతు విప్పుదాం, 3వ పాఠం: ప్రజావాణిలో ఒక్క నిమిషం

పోయిన పాఠంలో అర్జీ రాశాం. ఈసారి దాన్ని నోటితో చెప్పాలి. సోమవారం ప్రజావాణిలో, అంటే అధికారులు జనం ఫిర్యాదులు నేరుగా వినే చోట, మీ వెనక లైనుంటుంది, అధికారి కాగితం తిరగేస్తూనే వింటారు. దొరికేది ఒక్క నిమిషమే అనుకోండి. (ఎన్నికల కోడ్ ఉంటే ప్రజావాణి ఆపేస్తారు, కనుక్కుని బయల్దేరండి.)

"సార్, ఇరవై ఏళ్లుగా ఈ బస్తీలోనే ఉంటున్నాం..." అని మొదలుపెట్టారో, అసలు సంగతికి వచ్చేలోపే "సరే, ఇచ్చి వెళ్లండి" అనేస్తారు. అడగాల్సింది ముందే అడిగేయండి:

"నమస్కారం మేడం. మా గల్లీ వాననీటి కాలువలో పూడిక తీయించాలి. గుడి మలుపు నుంచి కిరాణా కొట్టు దాకా 40 అడుగులు మట్టి నిండింది. మొన్నటి వానకి మూడిళ్లలోకి నీళ్లొచ్చాయి. 12న ఫిర్యాదు చేశాం, నంబరు ఇదిగో. ఇంతవరకూ తీయలేదు. ఎప్పటిలోగా తీయిస్తారు?"

నింపాదిగా చెప్పినా అర నిమిషమే. మిగతా అర నిమిషం వాళ్ల ప్రశ్నలకు.

ఎక్కువ సాధన కావాల్సింది వాక్యం చివర. తెలుగులో క్రియ చివర్న వస్తుంది, మన ఊపిరి కూడా అక్కడే అయిపోతుంది. "తీశారు", "తీయలేదు" రెంటికీ తేడా ఆ తోకలోనే ఉంది. అది గొణుగుడైతే పని అయిందో లేదో అవతలివాళ్లకు తెలియదు. అందుకే వాక్యం పది మాటలు దాటనీయకండి. ఒక్కో వాక్యానికి ముందు ఊపిరి తీసుకోండి, ఆఖరి మాట నొక్కి పలకండి. ఫోన్‌ను గదిలో ఆ చివర పెట్టి రికార్డు చేసుకుంటే ఏ తోకలు మింగేస్తున్నారో మీకే వినిపిస్తుంది.

మొదటిసారి చూసి చదవండి. తర్వాత చీటీ మీద ఐదే మాటలు: కోరిక, చోటు, నష్టం, నంబరు, గడువు. మూడోసారి ఇంట్లో ఎవరినైనా అధికారిగా కూర్చోబెట్టి మధ్యలో "ఇది మా డిపార్ట్‌మెంట్ కాదు" అనమనండి. అప్పుడు గొంతు లేస్తుంది. ఆగండి, ఊపిరి వదిలి, "అయితే ఎవరిదో వాళ్లకు రాసి పంపండి మేడం" అనండి చాలు. ఆ చిక్కు రాకుండా ముందే చూసుకోవచ్చు: హైదరాబాద్‌లో డ్రైనేజీ మ్యాన్‌హోల్ పొంగితే జలమండలి (ఫోన్ 155313), వాననీటి కాలువా వీధి దీపమూ కార్పొరేషన్, ట్రాన్స్‌ఫార్మర్ అయితే కరెంటు ఆఫీసు.

ఈ వారం పని: మీ గల్లీ సమస్య ఒక్కటే తీసుకుని పైన చెప్పిన మూడు సాధనలూ చేయండి. రికార్డింగులు దాచుకోండి. వచ్చే పాఠంలో, కాలనీ మీటింగులో మైకు పట్టుకునేటప్పుడు వాటితో పనుంది.