టిజ్జీ అనే మాటను ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

అంబాజీపేటలో మా ఇంటి అరుగు మీద సాయంత్రాలు పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంటాను. టిజ్జీ అంటే ఏమిటని వాళ్లు అడుగుతుంటారు.

చిన్న విషయానికే కాళ్లూ చేతులూ ఆడనంత కంగారు పడటం టిజ్జీ. మగపెళ్లివారు రావులపాలెం దాటారని ఫోను రాగానే మా అత్తయ్య బీరువా తాళాల కోసం ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంది. పూతరేకుల డబ్బాలెత్తి చూస్తుంది, వంటవాళ్లను అడుగుతుంది. తాళాల గుత్తి ఆవిడ నడుముకే దోపి ఉంటుంది! సాయంత్రానికి ఆ సంగతి తనే చెప్పి నవ్వుతుంది. అలా నవ్వుకోగలిగే కంగారుకే ఈ మాట వాడాలి.

వాక్యంలో 'షీ వాజ్ ఇన్ ఎ టిజ్జీ' అనాలి. ఆ 'ఎ' వదిలేయకండి, మన పిల్లలు ఎక్కువగా మింగేసేది దాన్నే. కంగారు అప్పుడే మొదలైతే 'గాట్ ఇంటు ఎ టిజ్జీ'. 'షీ టిజ్జీడ్' అనరు. బ్రిటన్‌లో టిజ్ అని కూడా అంటారు. ఇది కబుర్లలో వాడే మాట, అర్జీల్లో పెట్టకండి.

ఈ మాట 1930ల్లో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. ఎలా పుట్టిందో నిఘంటువులు తేల్చలేదు. అంతకు చాలా ముందే బ్రిటన్‌లో ఆరు పెన్నీల నాణేన్ని టిజ్జీ అనేవారు గానీ, దానికీ దీనికీ చుట్టరికం ఉందని రుజువు లేదు. ఎవరైనా కథ అల్లి చెబితే నమ్మకండి. ఇంచుమించు ఇదే అర్థమున్న డిథర్‌కు మాత్రం మూలం తెలుసు, వణకడం అనే అర్థమున్న మధ్యయుగపు ఇంగ్లీషు మాట.

ఒకమ్మాయి 2022 జులై వరద గురించి రాస్తూ 'మై మదర్ వాజ్ ఇన్ ఎ టిజ్జీ' అంది. వ్యాకరణం సరిగ్గానే ఉంది, అయినా కొట్టేయించాను. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అది విని గేదెల పలుపులు విప్పేసి, చంటిబిడ్డను భుజానేసుకుని లంకలో పడవ కోసం నిలబడ్డ తల్లిది టిజ్జీ ఎలా అవుతుంది? ఈ మాటలో 'ఇంతోటిదానికా' అనే తేలికభావం ఉంది. ఆవిడ ప్రాణభయానికి అది అన్యాయం. 'షీ వాజ్ టెరిఫైడ్' అని మార్పించాను. పంట మునిగిన రైతుకూ, ఆసుపత్రి వరండాలో ఎదురుచూసేవాళ్లకూ కూడా టిజ్జీ వాడకండి.