వాడిన నూనె లెక్క తప్పుతోందా? కుర్రాణ్ని తిట్టే ముందు ఇవి చూడండి

సమస్య: హోటల్లో వాడేసిన నూనె అమ్మితే రావాల్సినంత రావట్లేదు, ఎవడో అమ్ముకుంటున్నాడని అనుమానం.

ముందు కిలోలూ లీటర్లూ కలిపేశారేమో చూస్కోండి బాబూ. ఇది చూడకుండానే అందరూ వంట మాస్టర్ మీద పడిపోతారు. లీటరు నూనె కిలో తూగదు, సుమారు 910 గ్రాములే, మీరు 100 లీటర్లని రాసుకున్నది కాటా మీద 91 కిలోలే చూపిస్తది, ఆ 9 కిలోలు ఎవడూ ఎత్తుకెళ్లలేదు. పూరీలు బజ్జీలు తాగేసింది ఎలాగూ తిరిగిరాదు.

అది సరిగ్గానే ఉందంటే ఇక నీళ్లు. నేను దెబ్బతిన్నది ఇక్కడే. డబ్బాలు అంచుదాకా నిండుగా ఉన్నాయి, గదికి తాళం ఉంది (తాళంచెవి మాత్రం కిచెన్లో మేకుకి వేలాడుతుండేది, అదీ నా తెలివి), బరువు కూడా తగ్గలేదు, పైగా కాస్త ఎక్కువే వచ్చేది. కొనేవాడేమో ప్రతిసారీ కోత పెడుతుంటే వాడే దొంగనుకుని ఇద్దర్ని మార్చా. తీరా చూస్తే రాత్రిపూట నాలుగైదు లీటర్లు తోడి బజ్జీల బండికి అమ్మేసి అన్ని నీళ్లూ పోసేస్తున్నారు. నీళ్లు బరువెక్కువ కదా, అడుక్కి పోతాయి, పైనుంచి చూస్తే అంతా నూనే.

సన్నటి ట్రాన్స్‌పరెంట్ పైపు అడుగుదాకా దించి, పైన బొటనవేలితో మూసి ఎత్తండి, కింద నీళ్లు విడిగా కనిపిస్తాయి. అడుగు నుంచి గరిటెడు నూనె తీసి, దూరంగా నిలబడి వేడిచేస్తే చిటపటలాడినా నీళ్లున్నట్టే. కాకపోతే మూకుడు కడిగిన నీళ్లు అందులోనే పోసే మహానుభావులుంటారు, వేలెడు నీళ్లకి దొంగతనం అంటగట్టకండి.

చేయాల్సింది: చల్లారాక తూచి, మూతకి సీల్ వేసి, తేదీ రాసి, తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి. ఎవడికి పడితే వాడికి అమ్మొద్దు, వాడిన నూనెని బయోడీజిల్‌ తయారీకి పంపే, అనుమతి ఉన్న సేకరణ ఏజెన్సీకే ఇచ్చి రసీదు తీస్కోండి. రోజుకి 50 లీటర్లు దాటి వేపుళ్లకి వాడేవాళ్లు రికార్డు రాయాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019 మార్చి నుంచే పెట్టింది, ఎలాగూ రాయాలి కాబట్టి అందులోనే బరువు కూడా రాసేస్తే పోతుంది.

డబ్బా కారడం, బయటి దొంగలు తాళం పగలగొట్టడం కూడా ఉంటాయి గానీ అవి పొద్దున్నే కంటికి కనిపించేవే.