బొమ్మల పెట్టెకు అరంగుళం సందు వదలండి

పిల్లల గదికి చెక్క బొమ్మల పెట్టె చేయించేవాళ్లు రంగుల గురించి పది రోజులు ఆలోచిస్తారు, మూత గురించి పది నిమిషాలు కూడా ఆలోచించరు. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా అమ్మాయికి పెట్టె చేసినప్పుడు నేనూ అంతే. ఎండాకాలంలో అతికినట్టు కూర్చున్న మూత, శ్రావణం వచ్చేసరికి ఉబ్బి బిగుసుకుపోయింది. చెక్క తేమకు పొడవునా పెద్దగా పెరగదు, అడ్డంగానే పెరుగుతుంది.

రెండోసారి మూత వెడల్పు కాస్త తగ్గించి, ముందువైపు రెండు మూలల్లో రబ్బరు బుడిపెలు అతికించాను. మూత వేసినా ముందు అంచు పొడవునా అరంగుళం, అంటే దాదాపు 13 మి.మీ. సందు ఉంటుంది. చెక్క ఉబ్బినా పట్టేయదు, వేళ్లు నలగవు, పిల్ల లోపల దాక్కున్నా గాలి ఆడుతుంది. అయినా వెనక పలకకు నాలుగు రంధ్రాలు వేయండి. గొళ్లెం మాత్రం వద్దు. మడతబందులతో పాటు, మూతను ఏ ఎత్తులోనైనా ఆపి ఉంచే ఊతకడ్డీ తప్పనిసరి. బరువైన టేకు మూత మెడ మీద పడితే ప్రమాదం.

అలంకరణకు మా వైపు సవర గిరిజనుల గోడబొమ్మల తీరు బాగుంటుంది: ఎర్రమట్టి రంగు మీద తెల్లని చెట్లు, నెమళ్లు, ఏనుగులు. వాళ్లు పూజించే బొమ్మను యథాతథంగా దించడం నాకు నచ్చదు, అందుకే చెట్లతో సరిపెట్టుకున్నాను. పాత డబ్బాలో మిగిలిన రంగు వాడకండి. ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు.