మీడియేషన్‌లో కూర్చోబోయే ముందు

ఒడిశాలోని మా పర్లాకిమిడి నుంచి ఆంధ్రాలోని పాతపట్నం ఎంతో దూరం లేదు. సంబంధం కలుపుకున్నప్పుడు ఇది రెండు రాష్ట్రాల వ్యవహారమని ఎవరికీ గుర్తుండదు. విడిపోవాల్సి వచ్చినప్పుడే తెలుస్తుంది. అబ్బాయి కేసు శ్రీకాకుళం జిల్లాలో, అమ్మాయి కేసు గజపతి జిల్లాలో. ఇంట్లో మాట్లాడేది తెలుగు, కోర్టులో నడిచేది ఒడియా. బరంపురం, గుణుపురం, రాయగడ వైపు మనవాళ్లదీ ఇదే కథ. నేను లాయర్ని కాదు. చుట్టాల్లో ముగ్గురికి తోడుగా వెళ్లి మీడియేషన్ (కోర్టు పంపితే జరిగే రాజీ మాటలు) గది బయట బెంచీ మీద గంటలు గంటలు కూర్చున్నదాన్ని.

ముందు పెద్దమనుషుల సంగతి. స్టాంపు పేపరు మీద ‘ఇక మాకూ మీకూ సంబంధం లేదు’ అని రాయించి, రెండు వైపులా సంతకాలు పెట్టించి, నోటరీ ముద్ర కొట్టించేస్తారు. దాంతో విడాకులైపోయాయని నమ్మి మళ్లీ పెళ్లికి సిద్ధపడేవాళ్లున్నారు. హిందూ వివాహ చట్టం కిందకి వచ్చే పెళ్లికి కోర్టు డిక్రీ, అంటే విడాకుల తీర్పు, ఉండాల్సిందే. కులాచారంలో విడాకులు ఉన్నాయని చెప్పుకోవచ్చు గానీ, దాన్ని కోర్టులో రుజువు చేయాలి, అది అంత తేలిక కాదు. సవర, జాతాపు లాంటి షెడ్యూల్డు తెగలవాళ్లకు ఆ చట్టం మామూలుగా వర్తించదు, వాళ్లకు వాళ్ల ఆచారమే ఆధారం. పెద్దమనుషులు వద్దని నేననను. పట్టిన పంతం దించడానికి వాళ్లే కావాలి. కాయితం దగ్గరికొచ్చేసరికి మాత్రం కోర్టుకే వెళ్లండి.

కోర్టు మీడియేషన్‌కి పంపిందంటే మీ కేసు బలహీనమైందని కాదు. ఫ్యామిలీ కోర్టు మొదట రాజీకి ప్రయత్నించాలని 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టంలోనే ఉంది. 2013లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక విడాకుల కేసులో సుప్రీంకోర్టు కూడా ఈ మాట గట్టిగా చెప్పింది. మీడియేటర్ తీర్పు చెప్పరు, ఎవరిది తప్పో తేల్చరు. ఇద్దరితో కలిపి మాట్లాడతారు, తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు. అక్కడ చెప్పినవి కోర్టులో సాక్ష్యంగా వాడకూడదు కాబట్టి విడిగా కూర్చున్నప్పుడు మనసులో మాట చెప్పొచ్చు. ఫోన్లో రికార్డు చేసే తెలివితేటలు మాత్రం వద్దు.

వెళ్లే ముందు రోజు ఒక తెల్లకాయితం మీద రెండు రాష్ట్రాల్లో నడుస్తున్న కేసులన్నీ నంబర్లతో సహా రాసుకోండి: విడాకులు, మనోవర్తి, గృహహింస, 498ఎ, అంటే భర్తా అత్తింటివాళ్లూ వేధించారనే కేసు (2024 జూలై 1 తర్వాతి ఘటనలకైతే కొత్త శిక్షా చట్టం బీఎన్ఎస్‌లో 85). ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి కేసు బదిలీ కావాలంటే సుప్రీంకోర్టు దాకా వెళ్లాలి. అందుకని ఒక చోట కుదిరే రాజీలోనే రెండో వైపు కేసులు ఎవరు, ఏ తేదీలోగా వెనక్కి తీసుకోవాలో రాయించుకోవడం మేలు. 498ఎ కేసు మీడియేషన్‌లో సంతకం పెట్టినంత మాత్రాన పోదు. కేసు ఇటు ఉంటే మామూలుగా కటక్‌లోని హైకోర్టుకి వెళ్లి కొట్టివేయించుకోవాలి. అటు ఉంటే కింది కోర్టు అనుమతితోనే రాజీ కుదురుతుందా, అమరావతిలోని హైకోర్టు దాకా వెళ్లాలా అని లాయర్ని అడగండి. ఆ ఖర్చు ఎవరిదో కూడా ముందే అనుకోండి. మా వాళ్లలో ఒకరు ఇది వదిలేసి, రాజీ అయ్యాక కూడా వాయిదాలకి తిరిగారు.

ఇప్పుడు భాష సంగతి. ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే దెబ్బ తగిలింది ఇక్కడే. మా పిన్ని కూతురి ఒప్పందం ఇంగ్లీషులో టైపు చేశారు. కొడుకుని తండ్రి ‘ఎవ్రీ సెకండ్ సాటర్డే’ చూడొచ్చని అందులో ఉంది. తండ్రి దాన్ని వారం విడిచి వారం అనుకున్నాడు. మా చెల్లి నెలలో రెండో శనివారం, అంటే ఆఫీసులకి సెలవుండే రోజు అనుకుంది. నాలుగో శనివారం అతను పలాస జీడిపప్పు పొట్లం పట్టుకుని పాతపట్నం స్టేషన్లో మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు. గుంటడు ఇక్కడ ఇంట్లో టీవీ చూస్తున్నాడు. ఫోన్లో అరుపులు. ‘అప్పా, నేనేం మోసం చేశాను చెప్పు, కాయితంలో ఉన్నదే కదా’ అని చెల్లి నా దగ్గర ఏడ్చింది. నిజంగానే ఎవరూ మోసం చేయలేదు. ఆ ఒక్క ముక్క కోసం మళ్లీ కోర్టు మెట్లెక్కారు.

కాబట్టి ఒడియా గానీ ఇంగ్లీషు గానీ చదవలేకపోతే, తెలుగులో వాక్యం వాక్యం చదివి వినిపించమని అడగండి. వినేదాకా సంతకం పెట్టకండి. ‘అప్పుడప్పుడు’, ‘వీలున్నప్పుడు’, ‘తగినంత’ లాంటి మాటలు కనిపిస్తే కొట్టేయించండి. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎక్కడ అప్పగించాలి, మళ్లీ ఎన్ని గంటలకి తేవాలి, పిల్లాడికి జ్వరమొస్తే బదులు ఏ రోజు, అన్నీ అందులో ఉండాలి. పండగలూ అంతే. ఆంధ్రాలో సంక్రాంతికి ఇచ్చినన్ని సెలవులు ఒడిశా బడిలో ఉండవు. ఇక్కడ రజొ పండక్కి, రథయాత్రకి ఇస్తే అటు ఉండవు. బిడ్డ చదివే బడి క్యాలెండరు చేతిలో పట్టుకుని వెళ్లండి.

ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి హిందూ మైనర్ల సంరక్షణ చట్టంలో ఉంది. అయినా చివరికి కోర్టు చూసేది బిడ్డ క్షేమాన్నే. ‘నీకు ఎవరిష్టం?’ అని పిల్లల్ని ఇంట్లో బట్టీ పట్టించడం నాకు ఒళ్లు మండే విషయం. బర్త్ సర్టిఫికెట్టు, ఆధార్, టీసీ ఎవరి దగ్గరుంటాయో, రాష్ట్రం దాటి బడి మార్చాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలో కూడా రాయించండి. పిల్లల ఖర్చు ఇక ఎప్పటికీ అడగనని తల్లి రాసిచ్చినా, బిడ్డ హక్కు దాంతో పోదు.

డబ్బు బ్యాంకు ద్వారానే ఇవ్వండి. బంగారం గ్రాముల్లో రాయించి, ఫోటోలు తీసి పెట్టుకోండి. ఇద్దరూ ఒప్పుకుని విడిపోవాలంటే ఏడాది విడిగా ఉండి పిటిషన్ వేయాలి. ఆ తర్వాత ఆరు నెలలు ఆగాలి. తగిన కారణాలుంటే కోర్టు ఆ గడువు తగ్గించొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. రెండోసారి కోర్టు ముందు ఒప్పుకునేదాకా ఎవరైనా వెనక్కి తగ్గొచ్చు. అందుకే మొత్తం డబ్బు మొదటి రోజే ఇవ్వకుండా, సగం అప్పుడు, సగం రెండోసారి అని పెట్టుకుంటారు.

కొట్టాడని, చంపుతానన్నాడని భయముంటే అతనితో ఒకే గదిలో కూర్చోవాల్సిన అవసరం లేదు. ఆ మాట మీడియేటర్‌కి, మీ లాయరుకి ముందే చెప్పండి. మీడియేషన్ ఇష్టం మీద నడిచేది, మధ్యలో లేచి రావచ్చు. ప్రమాదమైతే 112, 181. లాయరుకి డబ్బుల్లేవని ఆగిపోకండి. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. ఆ నంబరు 15100. తెలుగు వచ్చిన లాయరు కావాలని అడగడానికి మొహమాటపడకండి, మా చెల్లి రెండోసారి అలాగే అడిగింది.

ఆర్డరు వచ్చాక సర్టిఫైడ్ కాపీలు కనీసం మూడు తీసుకోండి. ఒకటి మీకు, ఒకటి అటువైపు కోర్టులో వేయడానికి, ఒకటి బడి హెడ్‌మాస్టరుకి చూపించడానికి.