తుఫాను భయం వీడనివారు గుర్రం చెంత గడిపే విధానం

1862 డిసెంబరు 26న అమెరికాలోని మంకాటోలో ఉరితీసిన డకోటా అనే ఆదివాసీ జాతికి చెందిన 38 మంది పురుషుల స్మృతిలో, ఆ జాతివారు గడ్డకట్టే చలిలో గుర్రాలపై అక్కడిదాకా సాగించిన యాత్రలో గుర్రమూ దుఃఖం పంచుకునే బంధువే. ఆ క్రతువులు వారివి, మనం అనుకరించరాదు. గుర్రంతో మెలిగే ఓర్పును మాత్రం 1996 నవంబరు తుఫానును చవిచూసిన కోనసీమవాసులు నేర్చుకోవచ్చు.

డెల్టాలో గుర్రాలు అరుదు కనుక, పెళ్లి ఊరేగింపుల కోసం గుర్రాన్ని పెంచేవారి అనుమతి తీసుకుని, ఎండ ముదరకముందే వెళ్లండి. ఊరేగింపు మర్నాడు మాత్రం వద్దు, పాపం అది అలసి ఉంటుంది. స్వారీ అవసరం లేదు. నుదుటికి సరిగ్గా ఎదుట, తోకకు సరిగ్గా వెనుక ఉన్నది గుర్రానికి కనిపించదు కాబట్టి, మెల్లగా మాట్లాడుతూ భుజం వైపు నుంచి చేరండి. అది చెవులు వెనక్కి అణచిపెడితే అక్కడే ఆగి, ఊపిరి నిదానంగా వదులుతూ, తల దించి తనంతట తాను దగ్గరకు వచ్చేవరకు వేచి ఉండండి. నా దృష్టిలో ఈ నిరీక్షణే అసలు సాధన. మెడ నిమరడం తరువాతి మాట.

గాలి హోరుకే గుండెదడ పుడుతున్నా, నిద్ర కరవైనా, దీనితో సరిపెట్టక మానసిక వైద్యులను సంప్రదించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.