వైరల్ జ్వరంతో ఆసుపత్రిలో ఉన్న మనిషి తేడాగా మాట్లాడుతుంటే: మెదడు స్కాన్ల విషయంలో ఇంటివాళ్లు చేయాల్సింది

డెంగీ, కోవిడ్, ఫ్లూ ఏదైనా కానీ, పేషెంట్ మామూలుగా ఎలా మాట్లాడతారో డాక్టరు కంటే మీకే బాగా తెలుసు. పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఇంట్లోవాళ్లను గుర్తుపట్టకపోయినా, లేపినా లేవనంత మత్తుగా ఉన్నా జ్వరం నీరసంలే అని సరిపెట్టుకోకండి. వెంటనే సిస్టర్‌కి చెప్పండి, ఆమె బిజీగా ఉంటే డ్యూటీ డాక్టర్‌ని పిలిపించండి.

మూతి వంకర పోయినా, ఒక పక్క చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వస్తున్నా పక్షవాతం కావచ్చు. అప్పుడు చివరిసారి బాగున్నది ఎన్ని గంటలకో కచ్చితంగా చెప్పాలి, ఎందుకంటే మెదడు రక్తనాళంలోని రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా అక్కడి నుంచి 4.5 గంటల లోపే ఇస్తారు (డెంగీలో ప్లేట్‌లెట్లు లక్ష కంటే తగ్గితే సాధారణంగా అసలు ఇవ్వరు).

ముందు మెదడుకి సీటీ స్కాన్ తీస్తారు. నిమిషాల్లో అయిపోతుంది, రక్తస్రావం ఉంటే బాగా కనిపిస్తుంది. కానీ సీటీ నార్మల్ అనగానే చాలామంది ఊపిరి పీల్చుకుని ఊరుకుంటారు, నాకు భయం అక్కడే. మెదడువాపు గానీ పక్షవాతం గానీ మొదలైన తొలి గంటల్లో సీటీలో ఏమీ కనపడకపోవచ్చు. మనిషి ఇంకా తేడాగానే ఉంటే ఎంఆర్ఐ అవసరమా అని అడగండి. మెదడువాపుకి కారణం హెర్పిస్ వైరస్ అయితే మార్పులు ఎక్కువగా కణతల వైపు, జపనీస్ మెదడువాపు అయితే మెదడు లోతుల్లో కనిపిస్తాయి. హెర్పిస్ అనుమానం ఉంటే స్కాన్ కోసం ఆగకుండానే ఆ వైరస్‌కి ఇచ్చే ఎసైక్లోవిర్ మందు మొదలుపెడతారు, అది సరైన పనే.

ఎంఆర్ఐకి ముందు పేస్‌మేకర్, మెదడులో క్లిప్పులు, చెవిలో ఇంప్లాంట్, కిడ్నీ జబ్బు, గర్భం ఇవన్నీ అడగకపోయినా చెప్పండి. గొలుసులు, మెట్టెలు, పిన్నులు తీసేయండి. అరగంటకు పైగా పెద్ద చప్పుడులో కదలకుండా పడుకోవాలి కాబట్టి, కంగారుపడే మనిషైతే ఆ సంగతి కూడా ముందే చెప్పండి, మత్తు అవసరమో కాదో వాళ్లు చూసుకుంటారు.

నడుములోంచి నీరు తీయాలంటే మన ఇళ్లలో సగం మంది కాళ్లు పడిపోతాయని సంతకం పెట్టరు. ఆ సూది దిగేది వెన్నుపాము ముగిసిన చోటికి కింద. తర్వాత తలనొప్పి రావచ్చు, అది మామూలే. మెదడులో ఏ వైరస్ ఉందో తేల్చేది చాలాసార్లు మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ఆ నీరే, దయచేసి ఒప్పుకోండి. తలలో ఒత్తిడి ఎక్కువగా ఉన్నా, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినా డాక్టర్లే వాయిదా వేస్తారు.

స్కాన్లన్నీ బాగున్నా మనిషి బాగా లేకపోతే సోడియం, షుగర్, ఆక్సిజన్ ఎంతున్నాయో అడగండి, బయటికి కనపడని ఫిట్స్ ఉన్నాయేమో చూడటానికి ఈఈజీ (తలకు వైర్లు పెట్టి మెదడులోని కరెంటు తరంగాలను చూసే పరీక్ష) తీస్తారా అనీ అడగండి. డిశ్చార్జ్ రోజు రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోకుండా స్కాన్ సీడీ కూడా తీసుకోండి, మళ్లీ స్కాన్ తీస్తే పాతదానితో పోల్చి చూడటానికి అదే కావాలి.