కొండెక్కే సామాను – నాలుగో పాఠం: పడక నేల నుంచి మొదలవ్వాలి

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను. సంచిలో 8 కిలోల బియ్యం వేసుకుని సింహాచలం మెట్ల దారి ఒకసారి ఎక్కి దిగమన్నాను. ఎక్కినవాళ్లకు ఆ సంచికి నడుం పట్టీ ఎందుకు పెట్టారో ఈపాటికి భుజాలే చెప్పి ఉంటాయి. ఎక్కనివాళ్లు ఈ పాఠం చదువుకోవచ్చు, కాకపోతే ఆ పని బాకీ ఉన్నట్టే. బూట్లయ్యాయి, సంచయ్యింది. ఇక రాత్రి సంగతి.

కొత్తగా సామాను కొనే చాలామంది ముందు టెంటు కొంటారు. ఫొటోలో పడేది అదే కదా. డబ్బు మిగిలితే స్లీపింగ్ బ్యాగ్. కింద పరుచుకునేది ఆఖరున గుర్తొస్తుంది. అప్పటికి పర్సు ఖాళీ అయి ఉంటుంది కాబట్టి ఇంట్లో ఉన్న యోగా మ్యాట్ చుట్టి పట్టుకుపోతారు. మీరు ఈ వరస తిరగేయండి. ముందు కింద వేసుకునేది, తరవాత కప్పుకునేది, టెంటు అన్నిటికన్నా చివర.

ఇది నేను తెలివితో నేర్చుకున్నది కాదు, వణికి నేర్చుకున్నది. ఒక డిసెంబరులో నేనూ మా తోడల్లుడూ కిరండూల్ పాసింజరెక్కి అరకులో దిగాం. వలిసె పూల చేలు దాటాక ఒక రైతును అడిగి ఆయన కళ్లంలో టెంటు వేశాం. నా దగ్గర కొత్త స్లీపింగ్ బ్యాగ్ ఉంది. దాని మీద 'మైనస్ 5' అని పెద్దక్షరాలతో అచ్చు వేసి ఉంది. కింద మాత్రం ఒక పలచటి ప్లాస్టిక్ పట్టా. రాత్రి రెండింటికి మెలకువొచ్చింది. ఛాతీ వెచ్చగానే ఉంది, వీపు మాత్రం ఐసు దిమ్మ మీద ఆన్చినట్టుంది. మా తోడల్లుడు అప్పటికే లేచి, సంచిలో ఉన్న బట్టలన్నీ తీసి నడుం కింద దోపుకుంటున్నాడు. తెల్లారాక మా మొహాలు చూసి ఆ రైతు భార్య నవ్వింది. "ఎండుగడ్డి ఉంది కదా బాబూ, అడిగితే ఇవ్వనేటి? కిందేటీ లేకుండా పైన ఎన్ని కప్పుకుంటే ఏటి లాభం?" అంది.

ఆవిడ మాటే ఈ పాఠం. దాని వెనక ఉన్న కారణం ఒకసారి చూద్దాం. మనకు వెచ్చదనం ఇచ్చేది బట్ట కాదు, బట్టలో చిక్కుకుని కదలకుండా ఉన్న గాలి. స్లీపింగ్ బ్యాగ్ ఉబ్బెత్తుగా ఉండేది అందుకే. మనం దాని మీద పడుకోగానే మన బరువుకి కింది భాగం అప్పడంలా అణిగిపోతుంది. గాలి పోయింది, దాంతో పాటే వెచ్చదనమూ పోయింది. ఇక నేల ఒంట్లో వేడిని తెల్లవార్లూ లాగుతూనే ఉంటుంది. ఎండుగడ్డి అంత తేలిగ్గా అణగదు, బోలు గడ్డిపోచల్లో గాలి అలాగే ఉంటుంది. మన అమ్మమ్మలు పాత చీరలు పొరలు పొరలుగా కుట్టిన బొంతను కింద కూడా పరిచేది ఇందుకే. బొంతతో వచ్చిన చిక్కల్లా బరువు, పైగా తడి పీల్చుకుంటే ఓ పట్టాన ఆరదు.

కింద వేసుకునేవి రెండు రకాలు. మొదటిది ఫోమ్ చాప. ఇందులో గాలి బుడగలు దేనికదే మూసుకుని ఉంటాయి కాబట్టి నీళ్లు పీల్చదు, ముల్లు గుచ్చుకున్నా ఏమీ కాదు. రెండోది గాలి ఊదుకునే పరుపు. మెత్తగా ఉంటుంది, మడిస్తే గుప్పెడవుతుంది, కానీ ఒక్క తుమ్మముల్లు చాలు దాని పని పట్టడానికి. మన కొండల చుట్టూ ఉన్న ముళ్లపొదలు చూసినవాణ్ణి కాబట్టి మొదటిసారి కొనేవాళ్లకు ఫోమ్ చాపే చెబుతాను. నడుం నొప్పి ఉన్నవాళ్లు, నలభై దాటినవాళ్లు గాలి పరుపు కొనుక్కోండి. తప్పులేదు, అతుకులు వేసే కిట్ మాత్రం మరిచిపోవద్దు.

చాప మీద 'ఆర్ విలువ' అని ఒక అంకె ఉంటుంది. నేలకు వేడి పోకుండా ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె అది. ఎక్కువుంటే ఎక్కువ వెచ్చన. మన్యంలో చలికాలానికి 2 చుట్టుపక్కల ఉంటే నడిచిపోతుంది. మంచు మీద పడుకునే హిమాలయ ప్రయాణాలకు 4, 5 పైన కావాలి, అది మనకిప్పుడు అనవసరం. ఇందులో నాకు నచ్చే విషయం ఒకటుంది: ఈ అంకెలు కూడుకోవచ్చు. 1 ఉన్న చాపలు రెండు ఒకదాని మీద ఒకటి వేస్తే 2 అవుతుంది. అందుకని ఉన్న చాప పారేసి కొత్తది కొనక్కర్లేదు. ఇంకో మాట. రేకుల షెడ్లకు లోపలివైపు వేడి దిగకుండా అంటించే వెండిరంగు ఫోమ్ షీటు చూశారా? అదీ ఈ జాతిదే. రేకులమ్మే దుకాణంలో 10 మిల్లీమీటర్ల మందంలో దొరికితే మీ పొడవుకు ఓ ముక్క కోయించుకోండి. చూడ్డానికి పెళ్లి పందిట్లో వంటవాళ్ల సామానులా ఉంటుంది కానీ రాత్రి అదే కాపాడుతుంది.

ఇప్పుడు కప్పుకునేది. దానికి ముందు చిన్న లెక్క. జనవరిలో విశాఖలో తెల్లవారుజామున 17, 18 డిగ్రీలు ఉంటుంది. వెయ్యి మీటర్లు ఎత్తుకు పోతే సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. అంటే దాదాపు అంత ఎత్తున ఉన్న లంబసింగిలో 11, 12 ఉండాలి. మరి అక్కడ అంతకన్నా బాగా కిందికి, పది డిగ్రీల లోపుకి ఎందుకు దిగుతుంది? ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేసి చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడి బరువెక్కి, నీళ్లు పారినట్టు పల్లానికి పారుతుంది, లోయ అడుగున గిన్నెలో పోసినట్టు నిలిచిపోతుంది. వంజంగి కొండ మీద నిలబడి మనం ఫొటోలు తీసుకునే ఆ మేఘాల సముద్రం చాలావరకు ఇలా నిలిచిన గాలే. దాని అడుగున ఉన్న ఊళ్లలో తెల్లవార్లూ మంచు కురుస్తూనే ఉంటుంది.

ఈ ఒక్క సంగతి తెలిస్తే పైసా ఖర్చు లేకుండా కొన్ని డిగ్రీలు సంపాదించుకోవచ్చు. టెంటు లోయ అడుగున, గెడ్డ (కొండవాగు) పక్కన వేయకండి. ఓ ఇరవై, ముప్పై మీటర్లు ఎత్తుకు ఎక్కి చదునైన చోటు చూసుకోండి. గెడ్డ పక్కన వద్దనడానికి చలి ఒక్కటే కారణం కాదు. ఎగువన ఎక్కడో వాన పడితే ఇక్కడ చుక్క రాలకుండానే గెడ్డ పొంగుతుంది. చెట్టు కింద మంచు తక్కువ పడుతుంది, కాకపోతే పైన ఎండుకొమ్మ వేలాడుతోందేమో ముందు తలెత్తి చూడాలి.

ఇక ఆ 'మైనస్ 5' సంగతి. స్లీపింగ్ బ్యాగులను పరీక్షించడానికి ఐఎస్ఓ 23537 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం పరీక్షించిన బ్యాగు మీద మూడు అంకెలుంటాయి. ఒకటి కంఫర్ట్, హాయిగా నిద్రపట్టే ఉష్ణోగ్రత. రెండోది లిమిట్, ముడుచుకుని ఎలాగో గడిపేసేది. మూడోది ఎక్స్‌ట్రీమ్. అక్కడ నిద్ర మాట దేవుడెరుగు, ప్రాణానికే ముప్పు. పెద్దక్షరాలతో వేసేది ఏ అంకెనో చెప్పకపోతే అది మూడోదే అనుకోండి. నా బ్యాగు మీదున్నదీ అదేనని తరవాత చిన్న అక్షరాలు చదివితే తెలిసింది. కొనేటప్పుడు కంఫర్ట్ అంకె ఒక్కటే చూడండి. అరకు, పాడేరు వైపు చలికాలానికి కంఫర్ట్ 5 డిగ్రీలున్నది సరిపోతుంది. భీమిలి దగ్గర ఇసుకలో పడుకోవడానికైతే అసలు బ్యాగే వద్దు, ఇంట్లో దుప్పటి చాలు. వేసవిలో దాంట్లో దూరితే పనసతొన ఉడికినట్టు ఉడుకుతారు.

లోపల ఏముండాలన్నది ఇంకో ప్రశ్న. బాతు ఈకలవి తేలిక, చిన్నగా నొక్కుకుపోతాయి, ధర ఎక్కువ. తడిస్తే మాత్రం ముద్దై కూర్చుంటాయి. సింథటిక్ దూదివి కాస్త బరువైనా, తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటాయి, త్వరగా ఆరతాయి. మన తూర్పు కనుమల్లో అసలు శత్రువు చలి కాదు, తడి. మంచు, చెమట, మన ఊపిరి, చెప్పకుండా వచ్చే వాన. అందుకని ఇక్కడ సింథటిక్ కొనమనే నా సలహా. సముద్రం పక్కన ఉక్కలో ఈకల బ్యాగును బూజు పట్టకుండా కాపాడటం ఓ పెద్ద చాకిరీ. ఏ బ్యాగైనా ఇంట్లో దాని చిన్న సంచిలో కుక్కి ఉంచకండి, ఉబ్బు పోతుంది. పాత దిండు గలీబులో వదులుగా వేసి అటక మీద పెట్టండి. ఒక చిట్కా: నడిచిన బట్టలతో పడుకోకండి. పొడి బనియను, పొడి మేజోళ్లు పాలిథిన్ కవర్లో చుట్టి సంచి అడుగున దాచి, పడుకునే ముందే తీయండి.

టెంటు దగ్గరికొద్దాం. ఇక్కడ నేను త్వరగా పోతాను, ఎందుకంటే దుకాణంవాళ్లు దీని గురించి ఎలాగూ గంట చెబుతారు. ఇద్దరి టెంటు అంటే ఇద్దరు భుజాలు రాసుకుంటూ, రైల్లో రెండు బెర్తులు దగ్గరకు జరిపినట్టు పడుకునేది. సామాను పెట్టుకోవాలంటే ముగ్గురిది కొనండి. రెండు పొరలున్నది తీసుకోవాలి: లోపల దోమతెర, పైన వాన ఆపే గుడ్డ. మన్యం మలేరియాకు పేరుమోసింది కాబట్టి దోమతెర విషయంలో బేరమాడకండి. పైగుడ్డ దాదాపు నేలదాకా దిగాలి. నెత్తిన టోపీ పెట్టినట్టు సగానికే ఉన్నవి చౌకగా దొరుకుతాయి, మన వాన మాత్రం అడ్డంగా కొడుతుంది.

గుడ్డ మీద 2000, 3000 అని మిల్లీమీటర్లలో ఉంటుంది. దాని మీద అంత ఎత్తు నీళ్లు నిలబెట్టినా కారదని అర్థం. పైగుడ్డకు 1500 నుంచి 2000 చాలు. అడుగు గుడ్డకు 3000 ఉండాలి. వాన చుక్క కన్నా మన మోకాలు వేసే ఒత్తిడే ఎక్కువ మరి. పొద్దున్న లోపలంతా తడిగా ఉంటే గుడ్డ కారిందని తిట్టుకోకండి. అది మీ ఊపిరే. చలికి భయపడి గాలి కిటికీలన్నీ మూసేస్తే రాత్రంతా వదిలిన ఆవిరి పైన నీరై మీదే పడుతుంది. రెండు వైపులా కాస్త తెరిచే ఉంచాలి.

గాలి గురించి విశాఖవాళ్లకు పాఠం అక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవాళ్లకు, వదులుగా ఉన్న రేకే ముందు లేస్తుందని తెలుసు. టెంటూ అంతే. తాళ్లన్నీ బిగించాలి, వెడల్పూ ఎత్తూ తక్కువున్న కొస గాలికి ఎదురుగా పెట్టాలి. టెంటుతో ఇచ్చే సన్న మేకులు కొండ మట్టిలో పనికొస్తాయేమో గానీ రుషికొండ ఇసుకలో ఊడిపోతాయి. అక్కడ ఓ గుడ్డసంచిలో ఇసుక నింపి, తాడు దానికి కట్టి, మోచెయ్యి లోతున పూడ్చండి. బీచ్‌లోనైనా అడవిలోనైనా రాత్రి ఉండే ముందు పోలీసులనో, అటవీశాఖనో, నేల ఎవరిదైతే వాళ్లనో అడగాలి. కంబాలకొండ లాంటి అభయారణ్యంలో మనంతట మనం గూడు వేయడం కుదరదు.

బీచ్ నుంచి వచ్చాక టెంటు కడ్డీలు, జిప్పులు మంచినీళ్లతో కడగండి. ఉప్పు పట్టిన జిప్పు రెండు వారాల్లో మొరాయిస్తుంది. ఆరాక కొవ్వొత్తి రుద్దితే జారుతుంది. టెంటును నీడలోనే ఆరబెట్టండి, ఎండ నైలాన్‌ను తినేస్తుంది. పూర్తిగా ఆరనిదే మడవకండి. మా మొదటి టెంటు వానాకాలమంతా మడతలోనే ఉండిపోయింది. దీపావళికి తీస్తే పొరలు బంకలా అంటుకుని, పుల్లటి వాసన. లోపలి వాన పూత తేమకు కరిగిపోవడమంటే అదే. బాగుచేయడానికి ఏమీ లేదు.

ఈ వారం ఇంటి పని. ఏమీ కొనకముందే, ఇంట్లో ఉన్న చాపా దుప్పటీ పట్టుకుని మేడ మీదికెళ్లి ఒక రాత్రి సిమెంటు నేల మీద పడుకోండి. పరుపు తెచ్చుకోకూడదు, మధ్యలో కిందికి దిగకూడదు. ఎన్ని గంటలకు మెలకువొచ్చింది, ముందు నొప్పెట్టింది తుంటా భుజమా, చలి కింది నుంచి వచ్చిందా పైనుంచా, దుప్పటి పొద్దున్నకి చెమ్మగా ఉందా, ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం పట్టుకునే దుకాణానికి వెళ్లండి. టెంటు ఇప్పటికే ఉన్నవాళ్లు దాన్ని మేడ మీద వేసి, లోపల ఒకర్ని కూర్చోబెట్టి, పైనుంచి నాలుగు బకెట్లు పోయండి. ఏ కుట్టు దగ్గర కారుతోందో లోపలివాళ్లు సుద్దముక్కతో గుర్తుపెట్టాలి. వచ్చే పాఠంలో ఆ కుట్లు ఎలా మూయాలో చూద్దాం. సుద్ద గీతలు తుడవకుండానే ఆరబెట్టి ఉంచండి.